తెల్లకంకి మీకు కనబడదా?

తెల్లకంకిని ఎప్పుడైనా చూశారా?

వరిమడిలో చుట్టూ కంకులన్నీ గింజ బరువుకి వంగుతాయి. అది వంగదు. తెల్లగా, నిటారుగా నిలబడుతుంది. లాగితే చేతిలోకి ఊడొస్తుంది. మొగి పురుగు అడుగునే కాండాన్ని తినేసింది. ఇక ఏ మందూ దాన్ని బతికించదు.

అయినా మందు కొట్టిస్తున్నాం!

రైతును తిట్టకండి. పురుగు కనబడితే అతను ఎవరినడగాలి? అప్పుకి మందులమ్మే కొట్టువాణ్ణే. పంటొచ్చాక తీర్చాల్సిన బాకీ అది. ఆ కొట్టువాడు మందు వద్దంటాడా?

మీరు వద్దన్నారా?

తల్లిపురుగు నారుమడిలోనే ఆకు కొసన గుడ్లు పెడుతుంది. గోధుమరంగు నూగు కప్పిన చిన్న ముద్ద. నాటేముందు కొసలు తుంచేస్తే చాలావరకు అక్కడే పోతాయి. దానికెంత ఖర్చు? లింగాకర్షక బుట్టల్లో మగ పురుగులు పడతాయి. చీమకన్నా చిన్నదైన ట్రైకోగ్రామా అనే కీటకం మొగి పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి, పురుగును పుట్టకముందే చంపేస్తుంది. మారుటేరు, రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రాల్లో శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్న మాటలే ఇవి.

మరి ఊళ్లో మందు గుళికల సంచి దొరికినంత సులువుగా ఆ ట్రైకోగ్రామా ఉండే ట్రైకో కార్డు ఎందుకు దొరకదు?

కోతయంత్రం వదిలిన కొయ్యకాళ్లలో పురుగు దాక్కుంటే దున్నించకుండా వదిలేసి, ఒకరికి ఇవాళా ఇంకొకరికి నెల తర్వాతా నీళ్లిచ్చి దానికి సీజనంతా లేతపైరు మేపి, కాలిబాటలు తీయకుండానే నాటించి, యూరియా కుమ్మరించి, ఆకు కాస్త ముడుచుకోగానే నాటిన నెలలోపే మందు పట్టించి, రెండు మూడు డబ్బాలు ఒకే ట్యాంకులో కలిపించి, ముక్కుకి గుడ్డ కూడా లేని కూలీని మడిలోకి దించి, పురుగును తినే సాలీళ్లనీ అక్షింతల పురుగుల్నీ చంపించి, కాపలా పోయాక సుడిదోమ లేస్తే దానికింకో డబ్బా అంటగట్టి, ఖాళీ డబ్బాలు కాలవలో కడిగించి, చివరికి ‘రైతుకి అవగాహన లేదు’ అనేస్తున్నాం.

అవగాహన లేనిది ఎవరికి?

నాటిన మొదటి నెలలో ఆకు కొంత పోయినా వరి మళ్లీ ఆకేసుకుంటుంది. ఆ మాట మడిలోకొచ్చి ఎవరు చెప్పారు?

ఇండొనేసియా 1986లో వరిమీద వాడే 57 రకాల మందుల్ని ఒకే ఆదేశంతో ఆపేసింది. కొట్టేకొద్దీ సుడిదోమ పెరుగుతోందని చూసింది కాబట్టి. తర్వాత రైతుల్ని పొలంలోనే కూర్చోబెట్టి పురుగుల్ని గుర్తుపట్టడం నేర్పింది. అక్కడ దిగుబడి కూలిపోలేదు.

మనకింకా ఎన్నేళ్లు కావాలి?

కిలో బియ్యం రెండు రూపాయలు పెరిగితే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. ఆ బియ్యం పండిన మడిలో ఎన్నిసార్లు మందు పడిందో ఒక్కసారైనా అడిగారా? కొట్టినవాడికి ఆ రాత్రి అన్నం సయించిందో లేదో అడిగారా?

మళ్లీ నారు పోస్తున్నారు. రెక్కల పురుగులు లేస్తున్నాయి.

మీ మండలంలో ట్రైకో కార్డులు ఎన్ని ఉన్నాయి? రేపు వెళ్లి అడుగుతారా, అడగరా?