రేడియేటరు: రాగిదా, అల్యూమినియందా?

పిల్లలూ! కొల్లేటి చేపలను ఐసులో వేసుకుని ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా కలకత్తా పోయే లారీలను మీరు చూసే వుంటారు. దారిలో ఇంజను కాగిపోయి లారీ ఆగిందా, ఐసు కరుగుతుంది, చేప చెడుతుంది. అలా కాకుండా కాచేది ముందు భాగంలో వుండే రేడియేటరు. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీరు దాని సన్నని గొట్టాలలో పారుతుంది. గొట్టాలకు అంటుకుని వున్న పలుచని రేకులు ఆ వేడిని గాలికి వదులుతాయి. చల్లారిన నీరు మళ్ళీ ఇంజనుకు పోతుంది.

పాతది పాడైతే కొత్తది ఏ లోహానిది కొనాలి? కొలతలు సరిపోవాలి, అది సరే. వేడిని మోయడంలో అల్యూమినియం కంటె రాగి ఒకటిన్నర రెట్లకు పైగా మెరుగు. మరి పందెపు కార్లవాళ్ళు అల్యూమినియమే కోరతారెందుకు? రాగి మూడు రెట్లకు పైగా బరువు గదా! పైగా అల్యూమినియం గొట్టాలను వెడల్పుగా చేయవచ్చు. రాగిదానిలో అతుకులకు వాడే టంకం వేడికి కొంత అడ్డు కూడాను. అయితే రాగి, ఇత్తడిదానికి చిల్లుపడితే దారిలో ఏ మెకానిక్కయినా టంకం వేసి పంపుతాడు. అల్యూమినియానికి అది అంత సులువు కాదు. దూరం పోయే లారీకి ఇది చిన్న విషయమా?

ఏది కొన్నా ఉప్పటి బోరునీరు పోయరాదు, గొట్టాలలో గార కడుతుంది. కూలెంటు కలిపిన శుభ్రమైన నీరే పోయాలి. ఇంజను వేడిగా వుండగా మూత మాత్రం తీయనివ్వకండి. లోపల ఒత్తిడిలో వున్న నీరు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది.