చితిపొగ లెక్క ఎవరు తీస్తారు?

కాటిసీను చూడని తెలుగు పల్లె ఒకప్పుడు అరుదు. హరిశ్చంద్రుడు కాశీలో వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయిన ఘట్టానికి తరతరాలుగా కన్నీరు కార్చాం. ఆ కన్నీరంతా కులం తప్పిన రాజుకే దక్కింది. పుట్టుకతోనే ఆ కాటికి కట్టుబడిన డోముల గురించి ఆలోచించమని మనకు ఏ నాటకమూ చెప్పలేదు.

మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్లలో నేటికీ చితికి నిప్పు అందించేదీ, కాలుతున్న దేహాన్ని వెదురుగడతో సర్దేదీ డోములే. ఒక్కో చితి కాలడానికి మూడు గంటలైనా పడుతుంది. మణికర్ణిక మెట్ల మీద నేను గంటసేపు నిలబడలేకపోయాను. కళ్లు మండి, గొంతు పట్టేసి వెనుదిరిగాను. కట్టెలు ఎగదోస్తున్న యువకుడి వంతు మాత్రం ఇంకా ముగియలేదు.

కట్టెపొగలోని సూక్ష్మధూళి ఊపిరితిత్తులనూ గుండెనూ దెబ్బతీస్తుందని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. వంటింటి పొగ నుంచి పేద మహిళలను కాపాడతామంటూ 2016లో ఉజ్వల పథకాన్ని ప్రారంభించింది అదే తూర్పు ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో. పొయ్యి పొగ ప్రజారోగ్య సమస్య అయినప్పుడు చితిపొగ ఎందుకు కాలేదు? దాన్ని ఆచారంగా చూశాం తప్ప పనిగా చూడలేదు. డోముల తాగుడు గురించి తీర్పులిచ్చేవారు కూడా, రోజంతా శవాల నడుమ గడిపే పని మనసుకు చేసే గాయాన్ని పట్టించుకోరు.

డోముల మీద పరిశోధనలే జరగలేదని అనలేం. 1871 నాటి నేరస్థ తెగల చట్టం నీడలో వలస పాలకులు బిహార్‌లోని మగహియా డోములను పుట్టు నేరస్థులుగా నమోదు చేశారు. తర్వాత మానవశాస్త్రజ్ఞులు కాశీ మరణకర్మలను గ్రంథస్థం చేశారు. యూరప్‌లోని రోమా ప్రజల మూలాలు ఉత్తర భారత డోమ సమూహాల్లో ఉండవచ్చని 2012లో ఒక జన్యు అధ్యయనం చెప్పింది. అందులో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలకూ పాలుంది. ఆ కృషి విలువైనదే. అయితే వెయ్యేళ్ల నాటి వలసను వెతికే శాస్త్రం, నేటి డోము ఊపిరి తీరునూ అంతే శ్రద్ధతో కొలవాలి.

అడ్డంకి లెక్కల్లోనే మొదలవుతుంది. జనగణన ప్రతి షెడ్యూల్డు కులాన్నీ విడిగా లెక్కిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికల పట్టికల్లో మాత్రం ఎస్సీలందరిదీ ఒకటే గడి. ఆ సగటులో డోముల క్షయ, రక్తహీనత, శిశుమరణాలు కనిపించకుండా పోతాయి. ఎస్సీలు ఏకరూప సమూహం కాదని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అంగీకరించింది. దశాబ్దాల పాటు వర్గీకరణ కోసం పోరాడిన తెలుగు నేలకు ఈ తర్కం కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితాలోనూ డోమ్, డొంబర, పైడి, పానో అనే నమోదు ఉంది. వారి వృత్తులు కాశీ డోముల వృత్తి కాకపోవచ్చు, కానీ సగటు లెక్కలో మాయమయ్యే తీరు ఒక్కటే. ఉద్యోగాలకు వర్తించిన న్యాయం ఆరోగ్య గణాంకాలకూ వర్తించాలి.

లెక్క తేలేదాకా వైద్యం ఆగనక్కరలేదు. ఘాట్ల వద్దే క్రమం తప్పక ఊపిరితిత్తుల, క్షయ పరీక్షలు జరపాలి. డోము బస్తీ మహిళలనే ఆశా కార్యకర్తలుగా నియమించాలి. వృత్తి వ్యాధికి పరిహారమిచ్చిన 1923 నాటి చట్టం యజమాని ఉన్న కార్మికుడికే వర్తించేది. వంతుల పద్ధతిలో శవానికింతని సంపాదించే డోముకు యజమాని ఎవరు? ఆ బాధ్యతను నగరపాలక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం స్వీకరించాలి. పరిశోధకులు తమ ఫలితాలను ముందు ఆ బస్తీకే, వారి భోజ్‌పురీలోనే వినిపించాలి.

అయితే ముఖానికి మాస్కు తొడిగి మళ్లీ అదే చితి పక్కన నిలబెడితే అది ఆరోగ్య పథకం కాదు, కులధర్మానికి మరమ్మతు. వైద్యంతో పాటు చదువు, భూమి, మరో ఉపాధి దక్కాలి. కాటిపని చేయాలో వద్దో తేల్చుకునే హక్కు డోము బిడ్డకు వచ్చిన రోజే ఆ బస్తీ ఆరోగ్యం మొదలవుతుంది.