మందు సరే... మాటసాయం?

అది 1961. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతం. జీన్ నైడెచ్ ఓ మామూలు గృహిణి. భర్త బస్సు డ్రైవరు. ఇద్దరు పిల్లలు. ఆమె బరువు 97 కిలోలు. నగర ఆరోగ్య విభాగం నడిపే ఊబకాయం క్లినిక్‌కి వెళ్లి, వాళ్లు చెప్పినట్టే తింటోంది. బరువు తగ్గుతోంది కూడా. కానీ ఒక్క సంగతి మాత్రం అక్కడ చెప్పలేకపోయింది. బిస్కెట్లంటే ఆమెకు వల్లమాలిన మోజు. ఎవరికంటా పడకుండా, విడిచిన బట్టల బుట్టలో ప్యాకెట్లు దాచుకుని తినేది!

ఆ గుట్టు చెప్పుకోవడానికి ఆరుగురు స్నేహితురాళ్లను ఇంటికి పిలిచింది. అందరూ తనలా లావుగా ఉన్నవాళ్లే. జీన్ నోరు విప్పగానే మిగతావాళ్లూ తమ దొంగతిండి కథలు బయటపెట్టారు. వారం వారం కలుద్దామనుకున్నారు. కొద్ది నెలల్లోనే ఆరుగురు కాస్తా నలభై మందయ్యారు. 1962 చివరికి జీన్ 64 కిలోలకు వచ్చేసింది. మరుసటి ఏడాది ఆ ముచ్చట్ల గుంపే 'వెయిట్ వాచర్స్' అనే సంస్థ అయింది. క్లినిక్ ఇచ్చిన కాగితంలో లేనిది ఆమెకు తన ఇంటి హాల్లో దొరికింది. అబద్ధం చెప్పనక్కర్లేని మనుషులు!

సూది వచ్చాక...

అరవై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ వచ్చింది. మనం అన్నం తిన్నాక పేగుల్లో కొన్ని హార్మోన్లు ఊరతాయి. 'ఇక చాలు' అని మెదడుకు చెబుతాయి. కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనే మందులు ఆ హార్మోన్లను అనుకరిస్తాయి. 2021లో ప్రచురితమైన ఓ పెద్ద అధ్యయనంలో సెమాగ్లుటైడ్ 68 వారాలు వాడినవారు సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. అంటే వంద కిలోల మనిషి 85కు వచ్చినట్టు. ఆ మరుసటి ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదులో తీసుకున్నవారు 20 శాతం దాటి తగ్గారు. మన దేశంలో 2025 మార్చిలో 'మౌంజారో', జూన్‌లో 'వెగోవీ' మార్కెట్లోకి వచ్చాయి. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు కూడా తీరింది.

మాటసాయంతో పుట్టిన వెయిట్ వాచర్స్ కూడా 2023లో ఇలాంటి మందులు రాసిచ్చే ఓ సంస్థను కొనుక్కుంది. 2025లో అప్పుల భారంతో దివాలా కోర్టు మెట్లెక్కి, కొన్ని వారాలకు బయటపడింది. ఇదంతా చూస్తే 'సూది ఉండగా ఇంక నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడం ఎందుకు' అనిపించడం సహజం.

లెక్కలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. 2005లో అమెరికాలో 224 మందిపై చేసిన అధ్యయనం సంగతే చూడండి. అప్పట్లో సిబుట్రమిన్ అనే మాత్ర ఉండేది. ఆ మాత్ర ఒక్కటే వాడినవారు ఏడాదిలో సగటున 5 కిలోలు తగ్గారు. అదే మాత్ర వాడుతూ, తిండి గురించీ నడక గురించీ గుంపుగా కూర్చుని నేర్చుకున్నవారు 12 కిలోలు తగ్గారు. గుండెకు ముప్పని తేలడంతో 2010లో ఆ మాత్రను అమెరికా, ఐరోపా మార్కెట్ల నుంచి తీసేశారు. మరుసటి ఏడాది మన దేశమూ నిషేధించింది. ఇప్పటి మందులు దానికంటే ఎంతో బలమైనవి కాబట్టి ఆ అంకెలు వీటికి అచ్చంగా సరిపోవు. పైగా ఆ తరగతులు నడిపింది శిక్షణ పొందినవాళ్లు. అయినా మాత్ర పోయింది కానీ పాఠం మిగిలింది.

అంతకుముందు, 1999 నాటి మరో అధ్యయనం ఇంకా ముచ్చటైనది. బరువు తగ్గే కార్యక్రమంలో ఒంటరిగా చేరినవారిలో 24 శాతం మందే తగ్గిన బరువును ఆ తర్వాత ఆరు నెలలూ నిలబెట్టుకున్నారు. ముగ్గురు స్నేహితులతో కలిసి చేరి, ఒకరికొకరు అండగా ఉండటం నేర్చుకున్నవారిలో అలా నిలబెట్టుకున్నది 66 శాతం! 2025 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ కొత్త మందులపై మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా, మందుతో పాటు తిండి, వ్యాయామం, అలవాట్ల విషయంలో గట్టి ఆసరా ఉండాలని చెప్పింది.

దాపరికం తెచ్చే చిక్కులు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు, ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అటూఇటుగా ముగ్గురిలో ఒకరు. అంటే మనుషులకు కరువు లేదు. మాటకే కరువు.

ఓ ఇల్లాలిని ఊహించుకోండి. ఇంజెక్షన్ పెన్ను ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా వెనక ఉంటుంది. అత్తగారికి తెలియదు. ఆడపడుచుకు తెలియదు. భర్తకు తెలుసు కానీ ఖర్చు చూసి సణుగుతుంటాడు. పెళ్లికెళితే వడ్డించే పిన్నిగారు 'ఒక్క బూరె తింటే ఏమవుతుందే' అని విస్తట్లో వేస్తారు. తింటే కడుపులో తిప్పుతుంది. తినకపోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటారు. చేయి కడుక్కుంటుంటే మరొకరు 'మొహం పీక్కుపోయిందేంటమ్మా, షుగరొచ్చిందా?' అని ఆరా తీస్తారు. ఇంకొకరు 'ఎలా తగ్గావు, మాకూ చెప్పు' అంటారు. 'పొద్దున్నే నడుస్తున్నానండీ' అని నవ్వేస్తుంది.

ఆ చిన్న అబద్ధం అక్కడితో ఆగదు. అది నమ్మిన పక్కింటావిడ రోజూ గంట నడిచి, రెండు కిలోలు కూడా తగ్గక, 'నాకే పట్టుదల లేదు' అని తనను తాను తిట్టుకుంటుంది. చెప్పిన మనిషికేమో 'నేను కష్టపడి తగ్గలేదు, అడ్డదారి తొక్కాను' అన్న గిల్టీ. బీపీ మాత్ర వేసుకునేవాళ్లను ఎవరూ అడ్డదారి అనరు. కళ్లజోడు పెట్టుకుంటే మోసమనరు. బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ న్యాయమూర్తులే!

దాపరికం ఒంటికీ చేటు చేస్తుంది. వాంతులవుతున్నా బయటికి చెప్పరు. షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతూ ఈ ఇంజెక్షనూ తీసుకుంటే చక్కెర బాగా పడిపోయే ప్రమాదం ఉంది. కళ్లు తిరిగి పడిపోతే, ఏ మందు లోపల ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుకు చెప్పాల్సిన సంగతి కూడా మరుగున పడుతుంది. అన్నిటికీ మించి, విసుగొచ్చి మందు ఆపేసినా ఎవరికీ చెప్పరు. సెమాగ్లుటైడ్ ఆపేసినవారిని గమనిస్తే, ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. 'నా తప్పే' అనుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు, ఆకలి మళ్లీ మేలుకోవడం.

అదే దారిలో నడిచేవాళ్లు

డాక్టరుకు మన కోసం దొరికేది పది నిమిషాలు. అందులో ప్రాణానికి ముఖ్యమైనవి మాట్లాడతారు. కుళ్లిన కోడిగుడ్డు వాసనతో తేన్పులు వస్తుంటే ఆఫీసులో ఎలా కూర్చోవాలి? మోతాదు పెంచిన వారం చుట్టాలొస్తే ఏం చేయాలి? మూడు వారాలుగా ముల్లు కదలకపోతే మందు పనిచేయడం మానేసినట్టేనా? ఇవి డాక్టరును అడగడానికి చిన్నవిగా, ఒంటరిగా మోయడానికి పెద్దవిగా ఉంటాయి.

అదే మందు ఆరు నెలలుగా వాడుతున్న మనిషి పక్కనుంటే? 'నాకూ మొదట్లో అంతే, వేపుళ్లు మానేశాక తేరుకున్నాను' అంటుంది. 'పెళ్లిలో ముందే చిన్న గిన్నెడు పెరుగన్నం అడిగి తినేస్తాను, ఎవరూ పట్టించుకోరు' అని కిటుకు చెబుతుంది. 'అన్నం తగ్గింది కదాని పప్పు, గుడ్డు తగ్గించకు' అని గుర్తుచేస్తుంది. బరువుతో పాటు కండా కొంత కరుగుతుంది కాబట్టి ఇది మంచి సలహా. సెమాగ్లుటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెలకో మెట్టు చొప్పున పెంచుతారు. పూర్తి మోతాదు చేరడానికి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లోనే వికారం, మలబద్ధకం లాంటివి ఎక్కువగా వేధిస్తాయి. అంటే తోడు అవసరం మొదట్లోనే ఎక్కువ.

ఇది మనకు తెలియని విద్య కాదు. డ్వాక్రా సంఘాలు చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పది, పదిహేను మంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని పుస్తకం తెరిస్తే, ఒంటరిగా కట్టలేని కంతులు కట్టగలిగారు. ఈ నెల కట్టలేకపోయిన మనిషి ఎందుకు కట్టలేదో అడిగేవాళ్లున్నారు కాబట్టే అది సాధ్యమైంది.

ఎక్కడ దొరుకుతారు?

మందు రాసిన డాక్టరునే అడగండి. 'ఇదే మందు వాడుతూ మాట్లాడటానికి ఇష్టపడేవాళ్లు ఉంటే, వాళ్లను అడిగి నా ఫోన్ నంబరు ఇవ్వండి' అంటే చాలు. ఆస్పత్రిలో పోషకాహార నిపుణులకు ఇలాంటివాళ్లు బాగా తెలుస్తారు. నెలకోసారి అందరినీ కూర్చోబెట్టమని వాళ్లనే అడగొచ్చు. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ బీచ్ రోడ్డులోనో పొద్దున్నే కలిసి నడిచేవాళ్లలోనూ ఎవరో ఒకరు ఉండొచ్చు. మీరు నోరు విప్పితే కదా, వాళ్లూ విప్పేది!

నలుగురైదుగురు చాలు. వారానికో రోజు, ఓ అరగంట. ఎవరు ఎంత తగ్గారన్న పోటీ పెట్టుకోవద్దు. ఒకే మందు ఒకరిలో పది కిలోలు తగ్గిస్తే మరొకరిలో మూడే తగ్గించవచ్చు. కిలోలకు బదులు ఈ వారం ఎలా గడిచింది, ఎక్కడ ఇబ్బంది పడ్డారు, వచ్చే వారం ఏం చేయాలనుకుంటున్నారు... ఈ మూడూ మాట్లాడుకుంటే చాలు. ఒకరి మాట మరొకరి ఇంటికి చేరకూడదన్నది మొదటి నియమం.

గీత దాటొద్దు

అనుభవం పంచుకోవాలి. మోతాదు కాదు. 'నేను 1 మిల్లీగ్రాముకు వెళ్లాను, నువ్వూ వెళ్లు' అనే మనిషి ఎంత ఆప్తురాలైనా ఆ మాట వినొద్దు. సూది మార్చినా సరే, ఒకరి పెన్ను మరొకరు వాడకూడదు. రక్తం ద్వారా పాకే జబ్బులు అంటుకోవచ్చు. 'మాకు తెలిసిన చోట సగం ధరకే ఇస్తారు' అన్న మాట వినపడితే ఇంకా జాగ్రత్త. నకిలీ సెమాగ్లుటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరించింది. చీటీ చూసి, బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనాలి.

పైకడుపులో తీవ్రమైన నొప్పి వీపులోకి పాకుతున్నా, వాంతులు ఆగక నీళ్లు కూడా నిలవకపోయినా అది స్నేహితులకు ఫోన్ చేసే సమయం కాదు. క్లోమగ్రంథి వాపో, పిత్తాశయంలో రాళ్లో కావచ్చు. నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. పిల్లల కోసం ప్రయత్నించాలనుకునేవారు చాలా ముందే డాక్టరుతో మాట్లాడాలి. సెమాగ్లుటైడ్ అయితే కనీసం రెండు నెలల ముందు ఆపాల్సి ఉంటుంది. గుంపులో ఎవరైనా 'బతకాలని లేదు' అన్న ధోరణిలో మాట్లాడుతుంటే అది ఓదార్చి వదిలేసే విషయం కాదు. ఇంట్లోవాళ్లకూ డాక్టరుకూ చేరాల్సిందే.

ఇంట్లోవాళ్లూ వినండి

తోటివాళ్ల ఆసరా ఎంత ఉన్నా రోజూ కంచం పెట్టేది ఇంట్లోనే. అందుకే ఇంటివాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కొసరి వడ్డించకండి. 'ఇంకా ఎన్నాళ్లు ఆ సూదులు?' అని వారం వారం అడగకండి. బీపీ మాత్ర గురించి అలా అడగరు కదా! మందు పేరు, మోతాదు, డాక్టరు నంబరు ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. చుట్టాల ముందు బరువు ప్రస్తావన వస్తే మీరే మాట మార్చేయండి.

ఈసారి ఎవరైనా 'ఎలా తగ్గావు?' అని అడిగితే, 'డాక్టరు మందు రాశారు. నడుస్తున్నాను కూడా' అని చెప్పి చూడండి. అడిగినావిడ ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి 'నేనూ వాడుతున్నానండీ' అన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. మీ గుంపులో రెండో మనిషి దొరికినట్టే!