కొత్తవంటి కారునకు సాక్షి యెవరు?

కుండ కొనునపుడు మనము దానిని వ్రేలితో తట్టి, నాదము వినక చేతబట్టము. పట్టుచీర కొనునపుడు మడత విప్పి, లోపలి వైపును వెలుతురునకు పట్టి చూతుము. పిల్లకు సంబంధము వచ్చినచో ఏడు తరముల సంగతులు విచారింతుము. కాని యింటికి కారు వచ్చునపుడు మాత్రము, "అది మగవారి వ్యవహారము" అని గడప దాటక కూర్చుందుము. లక్షల రూపాయల వస్తువు విషయమున నింతటి సంకోచము తగునా? ఈ మాసము మా యింటి యనుభవమునే మీ ముందుంచుచున్నాము.

మేము శ్రీశైలమున నివసించువారము. మా అత్తగారికి గుండెజబ్బు. రెండు నెలల కొకపర్యాయము కర్నూలు వైద్యునకు చూపవలెను. కర్నూలు మాకు సుమారు 180 కిలోమీటర్లు. అందు దోర్నాల మొదలు శ్రీశైలము వఱకు గల సుమారు 50 కిలోమీటర్లును నల్లమల యడవిలోని ఘాటురోడ్డు. అది పులుల యభయారణ్యము గనుక రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వఱకు గేట్లు మూసివేసి వాహనములను విడువరు. నడుమ చాలచోట్ల ఫోను పలుకదు. అట్టి దారిలో పెద్దదిక్కును వెంటబెట్టుకొని పోవునపుడు ఇంజను నిలిచినచో ఎవరిని పిలువగలము? కావున మాకు కావలసినది అందమైన కారు కాదు, ఆగని కారు.

ఎనిమిదేండ్లు కట్టిన చీటీ సొమ్ము చేతికి వచ్చినది. అది క్రొత్త కారునకు చాలదు. అందుచే ఏడాది, రెండేండ్లు మాత్రమే నడచిన చిన్న కారును, వెనుకతలుపు పైకెత్తు హ్యాచ్‌బ్యాక్ రకమును, వెదకసాగితిమి.

కర్నూలులో ఒక వ్యాపారియొద్ద ఏడాదియు రెండు మాసములును నడచిన బండి కనబడెను. మీటరులో 9 వేల కిలోమీటర్లు. రంగు నిగనిగలాడుచుండెను, లోపల సీట్ల కవర్లయినను తీయలేదు. "రాత్రినుండి కదలలేదమ్మా, ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది" అని యాతడు తాళము త్రిప్పగానే ఇంజను మెత్తగా పలికెను. పిల్లల లెక్కలలో పైసా తప్పు సహింపని మావారు, వ్యాపారి మాటకెదురు చెప్ప మొగమాటపడి తలయూపిరి. మేము బానెట్టుపై అరచేయి యుంచితిమి. రాత్రినుండి నిలిచియున్నదన్న బండి అప్పుడే దించిన అట్లపెనము వలె వెచ్చగా నుండెను!

ఈ వెచ్చదనములోని మర్మ మేమన, బండి గంటల తరబడి నిలిచినపుడు ఇంజనులోని ఆయిలు అడుగునకు దిగిపోవును. చల్లని యింజను కదలిన తొలి క్షణములలో ఆ నూనె మరల పైభాగములకు చేరవలెను. గొలుసు సడలినను, లోపలి భాగము లరిగినను ఆ క్షణములందే శబ్దము బయటపడును. ముందుగా నొకసారి నడిపి యుంచినచో ఆ శబ్దము దాగిపోవును.

ఆ రాత్రి బంధువులయింట నుండి, మఱునాడు ప్రొద్దు పొడువకమునుపే తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకొని పోతిమి. ఈసారి బానెట్టు చల్లగా నుండెను. తాళము త్రిప్పగా నాలుగైదు క్షణములు డబ్బాలో గోళీలు కదలించినట్లు గలగల వినబడి, తరువాత నణగిపోయెను. ఇంజనును చల్లబఱచు కూలెంటు నీరు తొట్టిలో దిగువ గీతకు తక్కువగా నుండెను. వ్యాపారి నవ్వి "ఈ మోడలుకు ఇది మామూలేనమ్మా" అనెను. మెకానిక్కు మాత్రము, "ఇంజను చెడినదని నేననను. బాగున్నదనియు చెప్పలేను. కంపెనీ వర్కుషాపులో చూపించి, అక్కడి సర్వీసు చరిత్ర తీయించుడు" అనెను. వ్యాపారి దానికొప్పుకొనలేదు. "సాయంత్రానికి ఇంకొకరు అడ్వాన్సు ఇస్తున్నారు" అని తొందరపెట్టెను.

మేము వెనుకకు వచ్చితిమి. బస్సు ఆత్మకూరు దాటువఱకు మావారు మాటాడలేదు. తరువాత మెల్లగా, "నేనడుగవలసినది నీవడిగితివి" అనిరి. ఆ కారు నిజముగా చెడ్డదో కాదో నేటికిని మాకు తెలియదు. తెలియనిదానికి చీటీ సొమ్ము ధారపోయలేదు, అంతే.

కొత్తవంటి కారు విషయమున ముందుగా నడుగవలసిన ప్రశ్న: ఇంత త్వరగా ఏల యమ్ముచున్నారు? బదిలీ, అప్పు, పెద్ద కారుపై కోరిక, ఇవి న్యాయమైన కారణములే. కాని మాటిమాటికి వర్కుషాపునకు తిరిగి విసిగి యమ్మినవారును కలరు. పైన పటారము, లోన లొటారము అన్న సామెత యిట్టిచోటనే పుట్టియుండును. కావున కాగితమును, ఇంజనును, వైద్యునివంటి మెకానిక్కును, మూటిని అడుగుడు.

కాగితములలో సర్వీసు పుస్తకము మొదటిది. ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చిరో, అప్పటికి మీటరెంతయో చూడుడు. మీటరు వెనుకకు త్రిప్పినచో అందే పట్టుబడును. కంపెనీ వారంటీ యెంతకాలము మిగిలియున్నదో, రెండవ యజమానికి చెల్లునో లేదో వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. 17 అక్షరములును అంకెలును గల ఛాసిస్ సంఖ్య నిచ్చి, ఆ బండిపై కంపెనీ పిలుపు, అనగా రీకాలు, మిగిలియున్నదేమో యడుగుడు. 2020 జూలైలో మారుతి సుజుకీ సంస్థ వ్యాగన్ ఆర్, బలేనో రకములలో 1,34,885 కార్లను ఇంధనపు పంపులో లోపముండవచ్చునని పిలిపించినది. 2024 మార్చిలో ఆ రెండు రకములలోనే మఱి 16,041 కార్లను పంపు మోటారు విషయమై పిలిపించినది. పెట్రోలు నందించు పంపు నిలిచినచో ఇంజనెంత మంచిదైనను బండి నడిదారిలో నాగును. కంపెనీ పిలుచుట దోషము కాదు. ఉచితముగా మార్చి యిత్తురు. పిలిచినను పోని బండియే ప్రమాదము.

ఇంజనును చల్లగా నున్నపుడే వినుడు. తాళము త్రిప్పగానే ఇంజను గుర్తు గల దీపము వెలిగి, ఇంజను కదలగానే ఆరవలెను. అసలే వెలుగనిచో దానిని ఎవరైనను మూసివైచిరేమో విచారింపవలెను. నీలిపొగ విడువక వచ్చినచో ఆయిలు కాలుచున్నట్లు. చలివేళ తెల్లని యావిరి కొంచెము వచ్చి పోవుట సహజమే; వేడెక్కిన తరువాతను తెల్లపొగ యాగక, కూలెంటు తఱుగుచుండినచో సందేహింపవలెను. ఆయిలు మూత క్రింద మజ్జిగ నురుగువంటిది కనబడినచో నీరు కలిసినదేమో మెకానిక్కు తేల్చవలెను. వేడి యింజనుపై కూలెంటు మూతను మాత్రము ఎన్నడును తీయకుడు. పొంగి చేతులు కాలును. మెకానిక్కు చిన్న పరికరమును తగిలించి ఇంజను జ్ఞాపకములోని తప్పులను చదువగలడు. అటుపై ఎత్తైన దారిలో అరగంట నడిపి వేడి చూచుట ఉత్తమము.

ధర విషయమున నొక మాట. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. అంతకుముందు కొన్నవాడు తానిచ్చిన ధరను లెక్కించును. మనము నేటి క్రొత్త కారు ధరను లెక్కింపవలెను. పాతకార్ల వ్యాపారికి 2023 ఏప్రిల్ 1 నుండి రవాణాశాఖ యధికారపత్రము ఉండవలెనను నియమము కలదు. దానిని చూపుమనుట యవమానము కాదు. యాజమాన్య మార్పునకు 29, 30 సంఖ్యల ఫారములు, బ్యాంకు అప్పున్నచో అది తీరినట్లు బ్యాంకు పత్రముతో 35వ ఫారము అవసరము. బీమాను 14 దినములలో మన పేర మార్చుకొన దరఖాస్తు చేయవలెను.

తరువాత మూడు నెలలకు నంద్యాలలో ఒక కుటుంబమువారి రెండేండ్ల కారు దొరికెను. రంగు కొంత మాసినది, తలుపుపై గీత యొకటి. కాని ప్రతి సర్వీసు ముద్రయు పుస్తకమున నుండెను. తెల్లవాఱుజామున చల్లని బానెట్టుపై చేయి వేసితిమి. తాళము త్రిప్పగా నిశ్శబ్దముగా కదలెను. ఆ యింటి గృహిణియే ముందుగా, "మీ మెకానిక్కుకు చూపించుకోండమ్మా" అనిరి. ఆ యొక్క మాటకే మాకు సగము ధైర్యము కలిగినది.

అత్తగారితో తొలిసారి ఘాటెక్కి వచ్చునపుడు ఆమె సాక్షి గణపతి యొద్ద బండి నాపించిరి. శ్రీశైలయాత్ర చేసినవారికి ఆ స్వామి సాక్షి యని మన పెద్దల విశ్వాసము. యాత్రకే సాక్షి యవసరమైనపుడు, ప్రాణములను మోయు బండికి అక్కఱలేదా? అమ్మువాని మాట సాక్ష్యము కాదు. సర్వీసు పుస్తకము సాక్షి. చల్లని యింజను సాక్షి. ఆ రెండును పలుకనిచో, బండి యెంత మెఱసినను మీ సొమ్ము మీ యొద్దనే యుండనిండు. అడుగుటకు మాత్రము సిగ్గుపడకుడు.