చాపకూడు సరే, తాళంచెవి?

మా నరసరావుపేటలో పక్కింటివాళ్లు తోడుకి చెంచాడు పెరుగు అడిగితే లేదనే ఇల్లాలు ఇంతవరకూ పుట్టలేదు. నేనూ ఆ తానులో ముక్కనే. అటువంటిది పోయిన నెల్లో మా వీధంతా కలిసి నాకు పిసినారి అని పేరు పెట్టేసింది. ఏం చేశానంటారా? వై-ఫై పాస్‌వర్డ్ మార్చాను. అంతే!

జరిగింది చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

మా అమ్మాయి ఇంట్లోంచే ఉద్యోగం ఇంటర్వ్యూకి కూర్చుంది. సరిగ్గా రెండో ప్రశ్న దగ్గర, తెరమీది పెద్దమనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయాడు. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నెట్టు అబ్బాయిని పిలిస్తే వచ్చి, ఫోన్లో ఏదో నొక్కి చూసి, "మీ ఇంట్లో ఎంతమందండీ?" అన్నాడు. ముగ్గురమన్నాను. "మరి మీ నెట్టుమీద 19 ఫోన్లున్నాయే!" అన్నాడు.

లెక్క తీశాం. పక్కింటి వదినగారు, ఆవిడ తమ్ముడు, మేడమీద అద్దెకున్న కుర్రాళ్లు, వాళ్ల స్నేహితులు, సందు చివర ఇడ్లీ బండి. మిగతావి ఎవరివో ఆ కోటప్పకొండ స్వామికే తెలియాలి. ఇంతకీ మా పాస్‌వర్డ్ ఏవిటనుకున్నారు? మావారి ఫోన్ నంబరు! పెట్టె బిగించిన రోజున "తేలిగ్గా గుర్తుంటుందండీ" అని పెట్టి వెళ్లారు. గుర్తుంది, మాకే కాదు, వీధి వీధంతటికీ.

ఆ సాయంత్రమే మార్చేశాను. మర్నాడు పంచాయితీ. "ఏం వదినా, నీ సొమ్మేం కరిగిపోతుందని?" అంది పక్కింటావిడ. "బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన పల్నాడమ్మా ఇది!" అని దెప్పారు ఎదురింటి మాస్టారు.

మాస్టారూ, చాపకూడు సంగతి నాకూ తెలుసు. అన్ని కులాలవాళ్లనీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం అది. అన్నం పెట్టమన్నాడు గానీ, కోట తలుపు గడియ తీసి పడుకోమన్నాడా ఆయన? ఆ మాటకొస్తే ఆ రోజుల్లోనే గురజాలలో మంత్రాంగం నడిపింది నాయకురాలు నాగమ్మ. తాళంచెవుల గుత్తి ఆడదాని బొడ్డున ఉండటం ఈ సీమకి కొత్తేం కాదు.

"మనింట్లో దోచుకోవడానికి ఏముందే?" అంటారు మావారు. అసలు జబ్బు ఇదీ! దొంగ మన సొమ్ముకోసమే రానక్కర్లేదు. మన గుమ్మంలో నిలబడి ఇంకొకళ్ల కొంప ముంచవచ్చు. 2008 జూలై 26న అహమ్మదాబాదులో వరసగా బాంబులు పేలాయి. పేలడానికి కాస్త ముందు టీవీ చానళ్లకి బెదిరింపు ఈమెయిలు వచ్చింది. పోలీసులు జాడ తీస్తే, నవీ ముంబైలో కాపురముంటున్న ఒక అమెరికా ఆయన ఇల్లు తేలింది. పాపం, ఆయన పంపలేదు. ఆయన వై-ఫైకి తాళం లేదు, ఎవరో వాడుకున్నారు. విచారణ మాత్రం ఆయన నెత్తిన పడింది. మా మేడమీది కుర్రాళ్లు బంగారంలాంటివాళ్లే. వాళ్ల స్నేహితుడి స్నేహితుడెవడో నాకు తెలుసా? వాడేం చేసినా ముందు బయటికొచ్చేది బిల్లుమీది పేరు!

ఇంకోటి వినండి. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం ఒకటి లోకంమీద పడింది. అదేం తాళాలు పగలగొట్టలేదు. ఇళ్లలో కెమెరాల్నీ రౌటర్లనీ వెతుక్కుంటూ పోయి, కంపెనీవాళ్లు పెట్టి పంపిన 'అడ్మిన్', '12345' వంటి ఓ 60 జతల పేర్లూ పాస్‌వర్డ్‌లూ వరసగా వేసి చూసింది. లక్షల పెట్టెలు లొంగిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు 21న వాటి దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటలకొద్దీ అందకుండా పోయాయి. ఆ పెట్టెలవాళ్లు కూడా 'మనింట్లో ఏముందిలే' అనుకున్నవాళ్లే!

మన రాష్ట్రంలో 2017 డిసెంబరు 27న, నెలకి 149 రూపాయలకే నెట్టూ టీవీ ఫోనూ అంటూ ఫైబర్ గ్రిడ్ మొదలైంది. కరెంటు స్తంభాలమీదుగా తీగలొచ్చాయి. మంచిదే. తీగ తెచ్చుకోవడంలో ఉన్న తొందర తాళం వేసుకోవడంలో మనకి లేకపోయింది.

"అదంతా టెక్నికల్, నీకు తెలీదులే" అంటారా? రాత్రి గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, వీధి తలుపు గడియ చూసి పడుకునేది ఎవరండీ? పెట్టె అడుగున చీటీ ఉంటుంది. దానిమీది అంకెల్ని ఫోన్లోని బ్రౌజర్లో కొడితే పెట్టె లోపలి గది తెరుచుకుంటుంది. ఆ గది తాళం వేరు, వై-ఫై తాళం వేరు. రెండూ మార్చాలి. డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోవాలి. మీట నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్‌ని ఆపెయ్యాలి. బయటినుంచి పెట్టెని తెరిచే వీలుంటే అదీ మూసెయ్యాలి. కొత్త అప్‌డేట్ ఉంటే వేసుకోవాలి. మీకు ఆ గది తెరుచుకోకపోతే నెట్టు అబ్బాయిని పిలిచి, ఎదురుగా కూర్చుని చేయించుకోండి. పాస్‌వర్డ్ మాత్రం మీరే కొట్టండి. పొంతన లేని నాలుగు మాటలు కలిపితే చాలు, గోంగూర, గొడుగు, రైలు, చింతగింజ అన్నట్టు. ఇదే పెట్టుకునేరు, పత్రిక అందరూ చదువుతారు!

ఈ తాళంతో మోసాలన్నీ ఆగిపోతాయని నేననను. ఓటీపీ చెప్పమని ఫోన్ చేసేవాడికి మన పెట్టెతో పనిలేదు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాల్సిందే. అలాగని, దొంగ పెరటిదారిన వస్తాడేమోనని వీధి తలుపు తీసిపెట్టుకుంటామా?

చివరికి పక్కింటి వదినగారి మనవడికి పరీక్షలొచ్చాయి. చుట్టాలకోసం వేరే పేరుతో 'గెస్ట్' నెట్టు పెట్టుకునే వీలుంది మా పెట్టెలో. పిల్లాడికి అదిచ్చాను. పరీక్షలయ్యాక తీసేశాను. ఆవిడ ఇప్పుడు నాతో మాట్లాడుతోంది.

తోడుకి పెరుగు ఎప్పుడడిగినా ఇస్తాను. కుండ మాత్రం మా ఇంట్లోనే ఉంటుంది. ఇది పిసినారితనమంటారా?