సముద్రం లేని నేలలో సముద్రాలు

వనపర్తి జిల్లాకు సముద్రతీరం లేదు, ఓడరేవు అంతకన్నా లేదు. అయినా ఇక్కడ సముద్రాలకు కొదవ లేదు. శ్రీరంగాపురంలో రంగసముద్రం, కానాయపల్లిలో శంకరసముద్రం ఉన్నాయి. వానకోసం ఆకాశం వైపు చూసే నేలలో చెరువుకు సముద్రమని పేరు పెట్టారంటే నీటి విలువ ఎంతటిదో ఆ పేరే చెబుతున్నది. నేడవి భీమా ఎత్తిపోతల పథకంలో జలాశయాలైనా పాత పేర్లతోనే నిలిచి ఉండటం సంతోషించదగిన విషయం.

అన్ని పేర్లకూ ఈ అదృష్టం దక్కలేదు. వనపర్తి సంస్థానాన్ని ఒకప్పుడు సూగూరు సంస్థానమనేవారు. గోపాల్‌పేట సంస్థానానికి పూర్వనామం పానగల్లు. 1890లో పాలమూరు నిజాం పేరిట మహబూబ్‌నగర్ అయింది. జనం మాత్రం పాత పేరును విడిచిపెట్టలేదు. గోపాల్‌పేట పక్కనున్న పొలికెపాడు రికార్డుల్లో పొల్కెపహాడ్‌గా కనిపిస్తుంది. పాడు అంటే ఊరు, పహాడ్ అంటే ఉర్దూలో కొండ. రాతలో వచ్చిన మార్పుతో ఊరు కాస్తా కొండయింది!

కృష్ణ ఒడ్డున జటప్రోలు మరో ఉదాహరణ. పాత తెలుగులో ప్రోలు అంటే పట్టణం. శ్రీశైలం జలాశయం నిండే ముందు జటప్రోలు, సోమశిల ఆలయాలను విప్పి, ఎగువకు తరలించి తిరిగి కట్టారు. రాళ్లకు అంకెలు వేసి మోసుకుపోవచ్చు. రేవుల పేర్లకు, పొలాల పేర్లకు ఆ వీలు లేదు. వాటిని పలికే మనుషులు చెదిరిపోతే అవీ పోతాయి. ఏదుల జలాశయం కోసం ఊళ్లు వదిలిన బండరావిపాకుల, కొంకలపల్లి వాసులకు ఈ బాధ తెలియనిది కాదు.

పేరులో ఏముందని కొందరు అడగవచ్చు. ఉన్నది. పహాణీలో పొలాన్ని సర్వే నంబరుతో గుర్తిస్తారు. ఫలానా కుంట, ఫలానా వాగు, ఫలానా బాట అని చెప్పగలిగేవారు ఊళ్లలోని పెద్దలే. కుంట పేరు మరచిన ఊళ్లో దాని శిఖం భూమి ముందు చదునవుతుంది, తర్వాత ప్లాట్లవుతుంది. అడిగేవారికి చూపడానికి పేరైనా మిగలదు. పేరు బతికి ఉన్నంతకాలం అక్కడ నీరుండేదన్న సాక్ష్యం బతికే ఉంటుంది.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి గ్రామపంచాయతీ ఒక పుస్తకం తెరవాలి. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుల వెంట పెద్దల వద్దకు వెళ్లి చెరువులు, కుంటలు, బావులు, గట్లు, బాటల పేర్లను సర్వే నంబర్లతో సహా రాసుకోవాలి. గ్రామసభలో చదివి వినిపించి తప్పులు దిద్దుకోవాలి. రెవెన్యూ అధికారులు ఆ పేర్లను గ్రామ నక్షాలో చేర్చాలి. ముంపు గ్రామాల వారికి పునరావాస కేంద్రాల్లో ఈ పని మొదట జరగడం ఎంతైనా అవసరం.

చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆలస్యం తగదు.