కల్లూరులో మంచుకొండ

మా కల్లూరుకూ మంచుకూ వున్న చుట్టరికం ఏపాటిదో, ఈ పక్క ఎండలు ఎరిగినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. నా చిన్నతనంలో మంచు అంటే రంపపుపొట్టులో పొర్లాడుతూ బండి మీద వచ్చే ఐసుగడ్డ, అంతే. అటువంటి వూళ్ళో, మొన్న నడివేసవిలో, హంద్రి నది ఇసుక మీద కాలు పెట్టలేని రోజుల్లో, మా ఇంట్లో ఒక మంచుకొండ లేచింది. దాని ఎత్తు నా పుస్తకాల బీరువా అంత. మంచేమో, ఇస్త్రీ చేయించి దాచుకొన్న నా పంచె.

ఇందుకు కారకుడు ఏడో తరగతి చదివే మావాడు. డల్లాసు నుంచి సెలవులకు వచ్చిన మా అక్కయ్య కొడుకు, తనకు ఆటల వయస్సు దాటిపోయిందని చెప్పి, ఒక అట్టపెట్టెడు లెగో ఇటుకలూ, కొన్ని పళ్ళచక్రాలూ, బ్యాటరీతో తిరిగే చిన్న మోటారూ వీడి చేతిలో పెట్టి వెళ్ళాడు. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే చిన్న వూరి వడ్రంగి ఒకాయన 1932లో మొదలుపెట్టిన సంస్థ సరుకు అవి. ఈ బొడిపెల ఇటుకకు 1958లో పేటెంటు అడిగారు. ఆనాటి ఇటుక మీద ఈనాటి ఇటుక పెట్టినా చక్కగా కూర్చుంటుందట. మా వీధి తలుపుకూ దాని గడియకూ అంత పొందిక ఒక్క వానాకాలంలోనూ నేను చూడలేదు.

"ఏం కడుతున్నావురా?" అంటే "స్కీ లిఫ్టు నాన్నా" అన్నాడు. కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకొని మంచుకొండ మీంచి జర్రున జారడం స్కీయింగు. జారడం సుఖమే గాని మళ్ళీ పైకి ఎక్కడమెట్లా? అందుకని కొండ పొడుగునా స్తంభాలు పాతి, తెగని ఒక తాడును చుట్టూ తిప్పి, దానికి కుర్చీలు వేలాడదీస్తారు. జర్మనీలో బ్లాక్ ఫారెస్టు ప్రాంతపు ఆసామి ఒకాయన 1908లోనే నీటిమర బలంతో తాడు తిప్పి జనాన్ని పైకి లాగించాడు. కుర్చీలు మాత్రం 1936లో, అమెరికాలో సన్ వాలీ అనేచోట వచ్చాయి. వాటిని ఊహించిన జేమ్స్ కరన్ ఒక రైల్వే కంపెనీ ఇంజనీరు. అంతకుముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాలతో పనిచేసినవాడు. కొక్కేనికి గెల వేలాడగా లేనిది మనిషి వేలాడితే తప్పేమిటి అనిపించింది ఆయనకు! పరీక్ష చేద్దామంటే అది ఎండాకాలం, ఒమాహాలో మంచెక్కడిది? లారీ పక్కన కుర్చీ కట్టి, మనిషి కాళ్ళకు చక్రాల బూట్లు తొడిగించి, సిమెంటు నేల మీద లారీని నడిపించి, ఎంత వేగంలో కుర్చీ ఎక్కితే మనిషి పడకుండా వుంటాడో చూశారట. ఈ సంగతి చదివిన తరువాత నా పంచె గురించి నేను మాట్లాడడం మానుకొన్నాను.

మన దేశంలో గుల్‌మార్గులో సుమారు 13,000 అడుగుల ఎత్తు దాకా తీగ మీద పోయే పెట్టెలున్నాయి. మావాడి మనస్సులో వున్నది గుల్‌మార్గు కాదు, శ్రీశైలం. ఆ కథ వేరే వుంది.

అంతకు ముందటి కార్తీకంలో మేమంతా ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళాము. మా అమ్మకు పాతాళగంగలో మునగాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. మెట్లు దిగడానికి మోకాళ్ళు ఒప్పుకోవు. పైనుంచి కృష్ణ ఒడ్డుదాకా దింపే రోప్‌వే వుంది గదా, దానిలో పోదామన్నాము. రోప్‌వేను తెలుగులో 'రజ్జుమార్గం' అంటారు కొందరు. రజ్జువు అంటే తాడు. వేదాంతులు తాడును చూసి పామనుకొని భయపడేవాడి కథ చెబుతారే, మా అమ్మ తాడును తాడుగానే చూసి భయపడింది. "నడిమధ్యన కరెంటు పోతే?" అన్నది ఆమె ప్రశ్న. నేను ఎం.ఎ. తెలుగు, నాకు జవాబు తెలియదు. ఆమె పై మెట్టు మీదనే కూర్చుండిపోయింది. మావాడు గబగబ దిగి, సీసాతో నీళ్ళు తెచ్చి జేజి నెత్తిన చల్లాడు. తిరుగు ప్రయాణంలో ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక నిర్మాణం. బీరువా నెత్తిన మోటారు, ఒక పెద్ద చక్రం. కింద నా రాతబల్ల మీద మరొక చక్రం. రెంటినీ చుట్టి గట్టి దారం. దారానికి ఆరు కుర్చీలు, కుర్చీకొక బొమ్మ. మొదటి రోజు మోటారును నేరుగా చక్రానికి తగిలించాడు. కుర్చీలు తిరునాళ్ళ రంగులరాట్నంలాగా లేచిపోయాయి, ఒక బొమ్మ కిటికీలోంచి పక్కింటి వడియాలలో పడింది. మోటారు మహావేగంగా తిరుగుతుంది, దానికి బలం తక్కువ. 8 పళ్ళ చక్రంతో 40 పళ్ళ చక్రాన్ని తిప్పిస్తే వేగం ఐదో వంతుకు దిగి, ఆ మేరకు బలం పెరుగుతుంది. వీడు అదీ చాలదని, మరమేకు రూపంలో వున్న ఇరుసు ఒకటి పెట్టాడు. అది ఒక చుట్టు తిరిగితే పళ్ళచక్రం ఒక్క పన్ను మాత్రమే కదులుతుంది. 24 పళ్ళుంటే 24 చుట్లు తిరగాలన్నమాట.

వేగం దారికి వచ్చింది, దారం రాలేదు. బొమ్మలు లేనప్పుడు తిరుగుతుంది. బొమ్మలు కూర్చోగానే చక్రం తిరుగుతుంది, దారం నిలబడుతుంది. తాడు ఆ చక్రాన్ని తాకేది సగం చుట్టే. ఆ సగంలో దాన్ని పట్టి లాగేది బిగువు ఒక్కటే. బొమ్మలు ఎక్కేకొద్దీ దారం కిందికి జీరాడి, వదులై, జారిపోతోంది. బిగించి ముడివేస్తే ఇటుకల స్తంభాలు మునగచెట్టు కొమ్మల్లాగా ముందుకు విరిగి పడ్డాయి. ఐదు రోజులు ఇదే తంతు. ఆరో రోజు మావాడు అన్నం తినకుండా ఇటుకలన్నీ పెట్టెలో పోస్తున్నాడు.

మంచం మీద వక్కలు కత్తిరించుకొంటూ వున్న మా అమ్మ అప్పుడన్నది: "తాడును కట్టేస్తే ఎట్లరా? దాని మీద బరువు కూసోవాల. మా నాయన కపిల తోలేటప్పుడు, ఎద్దులు వాలులో దిగుతాంటే మోకు మీద ఎక్కి కూసునేటోడు."

కపిల బావి ఎరగని పిల్లల కోసం ఒక మాట. బావి గట్టున గిలక, గిలక మీదుగా మోకు, మోకు చివర తోలు తొండం వున్న బాన. ఎద్దులు వాలులో కిందికి నడిస్తే నీళ్ళు పైకి వస్తాయి. తోలేవాడు మోకు మీద కూర్చుంటే అతని బరువు కూడా లాగుడుకు కలిసి వస్తుంది. కరెంటు మోటార్లు రాకముందు మన సీమ తోటలు తాగిన నీళ్ళలో చాలా భాగం ఇట్లా తోడినవే.

మావాడు ఒక్క నిమిషం జేజి మొగం చూశాడు. తరువాత కింది చక్రాన్ని బల్లకు అంటించి వుంచడం మానేసి, నాలుగు చక్రాల చిన్న బండి మీద నిలబెట్టాడు. బండికి వెనక దారం కట్టి, బల్ల అంచు మీదుగా కిందికి వదిలాడు. ఇంక బరువు కావాలి. జేజి చేతిలో అడకత్తెర కనిపించింది. లాక్కొని దారానికి కట్టాడు. బొమ్మలు ఎక్కి తాడు జీరాడబోతే అడకత్తెర కిందికి దిగుతుంది, బండి వెనక్కు జరుగుతుంది, బిగువు ఎప్పటి అంతే వుంటుంది. నిజం కొండల మీద కూడా తాడుకు వెనకనుంచి పెద్ద బరువులు వేలాడగట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని నూనె ఒత్తిడి యంత్రాలు చేస్తున్నాయి. తాడు తిరిగే పెద్ద చక్రాన్ని ఇంగ్లీషువాళ్ళు 'బుల్ వీల్' అంటారని కూడా నాకు ఈ సందర్భంలోనే తెలిసింది. ఎద్దు చక్రం! మా తాత వింటే సంతోషించేవాడు.

ఆరు కుర్చీలూ ఆరు బొమ్మలతో బీరువా ఎక్కాయి. మా ఆవిడ స్టవ్ మీది పాలు వదిలి వచ్చి చూసింది. ఫలితం మీరే ఊహించుకోండి.

జేజి మాత్రం మంచం దిగి దగ్గరికి వచ్చి, పాత ప్రశ్నే వేసింది. "కరెంటు పోతే?"

మావాడు ఏమీ చెప్పకుండా, కుర్చీలు నడిమధ్యన వుండగా, బ్యాటరీ పెట్టె వైరు పీకేశాడు. ఒక్క కుర్చీ వెనక్కు జారలేదు. మరమేకు ఇరుసు గొప్ప అదే. అది పళ్ళచక్రాన్ని తిప్పగలదు గాని, పళ్ళచక్రం దాన్ని తిప్పలేదు. అసలు రోప్‌వేలలో దీనికి మారుగా బ్రేకులుంటాయని, కరెంటు పోతే నడిపించడానికి వేరే ఇంజను పెడతారని, నేను ఈలోగా చదివి పెట్టుకొన్నది చెప్పాను. ఆమె నా మాట విన్నట్టు లేదు. వంగి, వేలితో ఒక కుర్చీని మెల్లగా కిందికి నొక్కి చూసింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

"ఈ కార్తీకం యెప్పుడొస్తాది?" అని అడిగింది.

అడకత్తెర ఇంకా బల్ల అంచునే వేలాడుతోంది. వక్కలు రోట్లో దంచుకొంటోంది. విప్పి ఇస్తానంటే వద్దంటుంది.